ఇంజన్లకు పెట్టిన ఆడపేర్లు

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. యంత్రాలంటే నాకు చిన్నప్పటినుంచీ బెరుకే. ఇంట్లో మిక్సీ ఆగిపోతే అడుగుభాగం తిప్పి చూసే ధైర్యం కూడా లేదు. అలాంటిదాన్ని 2015 వేసవిలో ఒకరోజు పొద్దున్నే మాంచెస్టర్‌లో రైలెక్కి, బర్న్‌లీలో దిగి బస్సెక్కి, హార్ల్ సైక్ అనే చిన్న ఊళ్లో ఉన్న నూట ఇరవై ఏళ్లనాటి ఆవిరి ఇంజన్ని చూడటానికి పనిగట్టుకుని వెళ్లాను. మాంచెస్టర్ నుంచి బర్న్‌లీకి నేరుగా రైలు ఆ ఏడాది మే నెలలోనే మళ్లీ మొదలైందట. లేకపోతే బద్ధకించేదాన్నేమో.

వెళ్లడానికి కారణం ఎథెల్ కార్నీ హోల్డ్స్‌వర్త్. అప్పుడు నా పిహెచ్.డి. సగంలో ఉంది. కొద్దిపాటి ప్రయాణ ఖర్చులు దొరికితే, శాల్‌ఫోర్డ్‌లోని వర్కింగ్ క్లాస్ మూవ్‌మెంట్ లైబ్రరీలో ఆమె రచనలు, ఆమె కాలపు పత్రికలు చూసుకోవడానికి వెళ్లాను. 1886లో పుట్టి, పదకొండేళ్లకే సగంరోజు బడి, సగంరోజు మిల్లుగా బతికిన పిల్ల ఆమె. తర్వాత కవయిత్రి, నవలాకారిణి అయింది. బ్రిటన్‌లో నవలలు రాసిన తొలి శ్రామికవర్గ స్త్రీలలో ఒకరుగా ఇప్పుడు చెప్పుకుంటున్నారు. ఆమె రాతల్లో మిల్లు చప్పుడు వస్తూనే ఉంటుంది. నేను దాన్ని ప్రతీకగా చదివి నోట్సు రాసుకుంటున్నాను. లైబ్రరీలో నా పక్కబల్ల దగ్గర రోజూ కూర్చునే ఒక పెద్దావిడ నా పని ఏమిటో అడిగి తెలుసుకుని, "అయితే నువ్వింకా ఆ చప్పుడు వినలేదన్నమాట" అంది. వినలేదు. సిగ్గేసింది.

హార్ల్ సైక్‌లోని క్వీన్ స్ట్రీట్ మిల్లు 1894లో మొదలైన కంపెనీది. స్థానికులే వాటాలు కొని పెట్టుకున్నారు. 1982లో మూతపడేదాకా అక్కడ ఆవిరితోనే బట్ట నేశారు. 1986లో మ్యూజియం అయింది. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇంజన్ల మ్యూజియంలు చాలానే ఉన్నాయి. బోల్టన్‌లో అయితే 1966లో కొందరు ఔత్సాహికులు సంఘంగా ఏర్పడి, మిల్లులు వరసగా మూతపడుతుంటే పాత సామాన్లవాళ్ల చేతిలో పడకుండా ఇంజన్లను ఊడదీసి తెచ్చి, ఒక పాత దూది గోదాములో మళ్లీ నిలబెట్టారు. అక్కడ ఇంజన్లన్నీ ఒక కప్పు కింద ఉంటాయి, వాటితో నడిచిన మిల్లులు ఉండవు. క్వీన్ స్ట్రీట్‌లో ఇంజను పుట్టినచోటే ఉంది. అది నడిపే మగ్గాలు కూడా పక్క షెడ్డులో అలాగే ఉన్నాయి. నేను దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

ఇవి స్టేషనరీ ఇంజన్లు. అంటే ఎక్కడికీ కదలవు, ఉన్నచోటే ఉండి పని చేస్తాయి. రైలింజన్ గురించి ప్రపంచంలో ఎన్ని కథలు, ఎన్ని సినిమాలు! ఈ కదలని ఇంజన్ గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. ఇంట్లోంచి బయటికి రాకుండా ఊరంతటికీ పని చేసిపెట్టేవాళ్లకు చరిత్రలో దక్కే చోటే దీనికీ దక్కిందని నవ్వుకున్నాను.

లోపలికి వెళితే బాయిలర్ల గదిలో వేడి. ఇంజన్ గది మాత్రం పూజగదిలా ఉంది. తుడిచిన నేల, మెరిసే ఇత్తడి, నూనె వాసన. ఇంజన్ 500 హార్స్‌పవర్ది, పక్కనే ఉన్న నెల్సన్ పట్నంలో విలియం రాబర్ట్స్ కంపెనీ చేసింది. పని చేసే పద్ధతి అక్కడి మనిషి ఓపిగ్గా చెప్పాడు. ఆవిరి ముందు చిన్న సిలిండర్లోకి వెళ్లి పిస్టన్ని తోస్తుంది. ఇంకా బలం మిగిలిన ఆ ఆవిరినే వదిలేయకుండా, అదే కడ్డీమీద వెనక ఉన్న పెద్ద సిలిండర్లోకి పంపి మళ్లీ పని చేయిస్తారు. చివరికి దాన్ని చెరువు నీళ్లతో చల్లబరిచి నీరు చేస్తారు. ఆ నీరు కూడా వృథా పోదు. ఒక్క ఇంజన్ తిప్పే ఇరుసు నుంచి పళ్లచక్రాలతో షెడ్డు నిండా ఇరుసులు, వాటినుంచి ఒక్కో మగ్గానికి ఒక్కో తోలు బెల్టు. మంచిరోజుల్లో ఈ ఒక్క ఇంజన్ దాదాపు వెయ్యి మగ్గాలను ఆడించేది.

ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఇంజన్ని "షి" అన్నాడు. ఆమెకు నూనె తక్కువైతే అలుగుతుంది, ఆమెను మెల్లగా నిద్రలేపాలి, ఇలా. ఇంగ్లిషులో యంత్రం ఆమె అవుతుంది. మన తెలుగు వ్యాకరణం దీనికి సరిగ్గా తలకిందులు. ఏకవచనంలో స్త్రీలను అమహద్వాచకాల్లో పడేసి, రైలు వచ్చింది, గేదె వచ్చింది, ఆమె వచ్చింది అని ఒకే గాటన కట్టింది. రెంటిలో ఏది నయమో నాకు తేలలేదు. ఒకటి మాత్రం తేలింది: ఇంజన్ని ఆమె అని పిలిచే ఆ గదుల్లో ఇంజన్ నడిపే ఉద్యోగం మగవాళ్లదే.

ఆ ఇంజన్‌కి పేరుంది, 'పీస్'. శాంతి. మొదట పెట్టిన పేరు 'ప్రూడెన్స్'. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బాగుచేసి పేరు మార్చారు. ప్రూడెన్స్ అంటే వివేకమూ, పొదుపూ, జాగ్రత్తా అన్నీ కలిసిన గుణం. ఆ రోజుల్లో ఆడపిల్లలకు పెట్టే పేరు కూడా. తర్వాత నేను మిగతా ఇంజన్ల పేర్లు వెతకడం మొదలుపెట్టాను. పరిశోధన విద్యార్థులకు ఇలాంటి పక్కదారులు చాలా ఇష్టం, మా గైడ్‌కి ఇష్టం లేకపోయినా. రాచ్‌డేల్ దగ్గర ఎలెన్‌రోడ్ మిల్లులో ఒకే ఫ్లైవీల్‌ని తిప్పే జంట ఇంజన్ల పేర్లు విక్టోరియా, అలెగ్జాండ్రా. ఇద్దరూ రాణులే. బార్నోల్డ్స్‌విక్‌లోని బాంక్రాఫ్ట్ షెడ్డులో 1920 నాటి ఇంజన్‌కి రెండు పక్కల పేర్లు జేమ్స్, మేరీ జేన్. యజమానీ, ఆయన భార్యా. విగన్‌లోని ట్రెంచర్‌ఫీల్డ్ మిల్లులో 1907లో చేసిన 2,500 హార్స్‌పవర్ ఇంజన్ ఉంది. దాని ఫ్లైవీల్ వ్యాసం 26 అడుగులు. దాని రెండు పక్కలకూ హెలెన్, రీనా అని పేర్లు. అవి మిల్లు యజమాని ఇంటి ఆడపిల్లల పేర్లు.

అదే 1907లో, అక్కడికి ఎంతో దూరం కాని గ్రేట్ హార్‌వుడ్‌లో, ఇరవై ఒక్కేళ్ల నేతపనిపిల్ల ఎథెల్ కార్నీ తన మొదటి కవితల పుస్తకం 'రైమ్స్ ఫ్రమ్ ద ఫ్యాక్టరీ' అచ్చేసుకుంది. 1913లో వచ్చిన ఆమె మొదటి నవల పేరు 'మిస్ నోబడీ'. ఎవరూ కానిది అని. ఇంజన్ల పేర్లు రాసుకున్న పేజీలోనే ఈ పేరూ రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. 1917లో ఆమె రాసిన మరో నవల 'హెలెన్ ఆఫ్ ఫోర్ గేట్స్' 1920లో సినిమాగా కూడా వచ్చింది. ఆ హెలెన్‌కీ విగన్ హెలెన్‌కీ ఏ సంబంధమూ లేదు. ఒకామె పేరు ఇత్తడి మెరుగుతో నిలిచింది, ఇంకొకామెను సృష్టించిన రచయిత్రి 1962లో చనిపోయేనాటికి ఆమె పుస్తకాలు అచ్చులోనే లేవు. మిల్లు అక్కచెల్లెళ్లు హెస్టర్, రేచెల్‌ల కథ 'దిస్ స్లేవరీ' 1925లో వచ్చింది. నా థీసిస్‌లో ఎక్కువ పేజీలు దానికే పోయాయి.

ఇంజన్ గదిలోంచి నేత షెడ్డులోకి తీసుకెళ్లారు. మూడు వందలకు పైగా మగ్గాలు, ఉత్తరం వైపు అద్దాలున్న రంపపు పళ్ల కప్పు. అన్నీ నడపరు. కొన్నే, పది పన్నెండు కావచ్చు, నడిపారు. నా చెవులు కాదు, పక్కటెముకలు అదిరాయి. అవి వెయ్యి అయితే ఎలా ఉంటుందో ఊహించబోయి మానుకున్నాను. ఆ చప్పుడులో మాట వినబడదు కాబట్టి పెదాలు బాగా కదిలించి మాట్లాడుకునే భాష ఒకటి నేతపని స్త్రీలు తయారు చేసుకున్నారు. మీ-మాయింగ్ అంటారు. షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకు కబుర్లు చెప్పుకునేవాళ్లట. మధ్యలో నిలబడ్డ సూపర్‌వైజరుకు ఒక్క ముక్క అర్థం కాకుండా మాట్లాడుకున్న సందర్భాలూ ఉండే ఉంటాయి. పని మానేశాక కూడా, చెవులు దెబ్బతిన్న ముసలితనంలో, వాళ్లు ఇంటి గుమ్మాల్లో అలాగే మాట్లాడుకునేవారు.

అక్కడ నాకు నాడె చేతికిచ్చారు. మా ఇంట్లో పుట్టినవాళ్లకు నాడె కొత్త కాదు. కానీ దాని పక్కనున్న కన్నం చూపించి దాని కథ చెప్పినప్పుడు చేతిలోంచి కింద పెట్టేశాను. కండె అయిపోయినప్పుడల్లా కొత్త కండె పెట్టి, పోగు కొసను ఆ కన్నంలోంచి నోటితో పీల్చి బయటికి లాగాలి. దీన్ని నాడెను ముద్దుపెట్టుకోవడం అనేవారు. ఒక మనిషికి మామూలుగా నాలుగు మగ్గాలు, కండె కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. రోజుకి ఎన్నిసార్లో లెక్కేసుకోండి. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి అదే నాడె. దుమ్మూ, నూనె, రంగు, జబ్బూ అన్నీ లోపలికి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం దీన్ని 1911లోనే నిషేధించింది. బ్రిటన్ నిషేధించింది 1952లో. ముద్దు అనే మాటను దీనికి వాడిన హాస్యం ఎవరిదో గాని, మిల్లులో పని చేసినవాళ్లదే అయుండాలి. బయటివాళ్లకు అంత చేదు రాదు.

ఆవిరికి ఇంకో పని కూడా ఉండేది, అది ఇంజన్ గదిలో ఎవరూ చెప్పలేదు. చవకరకం బట్టకు బరువు కోసం గంజిలో తెల్ల బంకమట్టి కలిపి పడుగుకు పట్టించేవారు. గాలి పొడిగా ఉంటే మట్టి పట్టిన పోగు తెగుతుంది. అందుకని షెడ్డులోకి గొట్టాలతో ఆవిరి వదిలేవారు. లోపల చెమటా తేమా కలిసి బట్టలు ఒంటికి అంటుకుపోతే, సాయంత్రం అదే తడితో చలిలోకి నడవాలి. నేతపనివాళ్ల సంఘాలు దీనిమీద ఏళ్ల తరబడి పోట్లాడితే 1889లో ఒక చట్టం వచ్చి హద్దులు పెట్టింది గాని ఆపలేదు. ఆ మట్టిబట్టలో చాలా భాగం వెళ్లింది చైనాకు, మన దేశానికి. మన తాతమ్మలు కొన్న సీమబట్ట మొదటి ఉతుకుకే పలచబడటంలో, అక్కడి ఆడవాళ్ల ఊపిరితిత్తులు పాడవడంలో ఉన్నది ఒకే మట్టి.

ఎలిజబెత్ గాస్కెల్ 1855 నాటి నవల 'నార్త్ అండ్ సౌత్' మనలో చాలామంది ఎమ్మేలో చదివాం. బి.బి.సి. 2004లో తీసిన సీరియల్‌లో మిల్లు దృశ్యాలు ఈ క్వీన్ స్ట్రీట్‌లోనే తీశారు. గాలిలో దూది మంచులా తేలుతుంటే కథానాయిక తలుపు తీసుకుని నిలబడిపోతుంది. చాలా అందమైన దృశ్యం. అందంగా ఉండటమే నాకు దానితో పేచీ. నవలలో ఆ దూది పీల్చి చచ్చిపోతున్న బెస్సీ చెప్పే సంగతి వేరు. గాలి బయటికి లాగే పెద్ద చక్రం పెట్టిస్తే దూది పోతుంది, కానీ దానికి ఐదారు వందల పౌన్లవుతుంది, లాభం రాదు, అందుకని కొందరు యజమానులు పెట్టించరు. కొందరు పనివాళ్లకు కూడా అది వద్దట, దూది మింగకపోతే ఆకలెక్కువ అవుతుందట. ఆవిరి ఇంజన్ వెయ్యి మగ్గాలు తిప్పగలదు, ఇంకో చక్రం తిప్పడం దానికి బరువు కాదు. క్లాసులో ఈ పేజీలు చెప్పేటప్పుడు ఇప్పుడు నేను ముందు ఇంజన్ గురించి చెబుతాను.

అయితే ఈ స్త్రీలను కేవలం బాధితులుగా చూసి కన్నీరు పెట్టుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. లాంకషైర్ నేతలో ఆడామగా ఒకే సంఘంలో ఉన్నారు. మూరకు ఇంత అనే కూలి రేటు ఇద్దరికీ ఒకటే. 1892 నాటి రేట్ల పట్టిక దాదాపు ఆ ప్రాంతమంతటికీ వర్తించింది. ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదు. మగ్గాలు బాగుచేసే టాక్లర్ ఉద్యోగం, గంజి పట్టించే యంత్రం దగ్గరి మంచి జీతం మాత్రం మగవాళ్లకే. సంపాదించుకుంటున్నామన్న ధీమాతోనే వాళ్లు ఓటు అడిగారు. 1901లో లాంకషైర్ మిల్లు స్త్రీలు 29,359 మంది సంతకాలు పెట్టిన అర్జీని పదిహేనుమంది మిల్లు స్త్రీలు లండన్ తీసుకెళ్లి పార్లమెంటుకిచ్చారు. వాళ్లలో సెలీనా కూపర్ పదేళ్లకే మిల్లులో చేరిన మనిషి. ఓటుహక్కు ఉద్యమం అంటే పెద్దిళ్ల ఆడవాళ్లు కిటికీ అద్దాలు పగలగొట్టడమే అనుకునే మనబోటివాళ్లకు ఈ చరిత్ర 1978లో జిల్ లిడింగ్టన్, జిల్ నోరిస్ ఊరూరా తిరిగి, ఆ స్త్రీల కూతుళ్లతో మాట్లాడి రాసేదాకా తెలియలేదు. ఎనిమిదేళ్ల తర్వాత మన దగ్గర 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. రెండు పుస్తకాల వెనకా ఒకటే అనుమానం పనిచేసింది: ఈ స్త్రీలను ఇంతవరకు ఎవరైనా అడిగారా అని.

మన వైపు నుంచి చూస్తే ఈ ఇంజన్ కథ ఇంకోలా ఉంటుంది. సీమ మిల్లులు మన నేతగాడిని నాశనం చేశాయని బడిలో చదువుకున్నాం. నిజానికి ముందు పోయింది నేతగాడు కాదు, నూలు వడికే ఆడమనిషి. చేనేతవాళ్లు మిల్లునూలు కొనుక్కుని ఎలాగో మగ్గం నిలబెట్టుకున్నారు, మా ఇంట్లో మగ్గం మొన్నటిదాకా ఆడింది. కానీ రాట్నం మీద బతికిన వితంతువులు, ముసలివాళ్లు, ఒంటరివాళ్లు అన్ని కులాల్లోనూ ఉన్నారు, వాళ్ల ఆదాయం మాత్రం ఆనవాలు లేకుండా పోయింది. మగ్గం పోతే వృత్తి పోయిందన్నారు. రాట్నం పోతే వృత్తి పోయిందని ఎవరూ అనలేదు, ఎందుకంటే అది ఇంటిపనిలో భాగం.

బెంగాల్లోని శాంతిపురం నుంచి ఒక వితంతువు 1828లో 'సమాచార్ దర్పణ్' పత్రికకు ఉత్తరం రాసింది. ముగ్గురు కూతుళ్లతో మిగిలిపోయి, రాట్నం తిప్పి అత్తమామలను పోషించి, కూతుళ్ల పెళ్లిళ్లు చేసింది. నేతవాళ్లే ఇంటికొచ్చి నూలు కొనుక్కుపోయేవారు. తర్వాత ఎవరూ రావడం మానేశారు. సీమనూలు వస్తోందని తెలిసింది. అప్పుడామెకు కలిగిన ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. బిలాయతీలో అందరూ ధనవంతులే అనుకున్నాను, అక్కడ నాకంటే పేద ఆడవాళ్లున్నారన్నమాట, ఇంత కష్టపడి వడికిన నూలు అక్కడ అమ్ముడుపోకనే కదా ఇంతదూరం పంపారు అని ఆమె అనుకుంది. యంత్రం ఆమె ఊహలో లేదు. పోగు వెనక ఒక మనిషి ఉంటుందనే ఆమెకు తెలుసు. ఆ లెక్క ఒకరకంగా తప్పు. ఆ నూలు తీసింది ఆవిరితో తిరిగే యంత్రాలు. కానీ ఆ యంత్రాల పక్కన తెగిన పోగులు అతికే పిల్లలు, దూది గదుల్లో దగ్గే ఆడవాళ్లు ఉన్నారు. కాబట్టి తప్పు కాదు కూడా.

1931 సెప్టెంబరు 26న డార్వెన్‌లో గాంధీ చుట్టూ మిల్లు స్త్రీలు చేతులెత్తి కేకలు వేస్తూ నవ్వుతున్న ఫోటో మీరంతా చూసే ఉంటారు. విదేశీ వస్త్ర బహిష్కరణ వాళ్ల పనిమీద దెబ్బకొట్టిన రోజులవి. ఆ ఫోటోను మన ఉదారతకో వాళ్ల ఉదారతకో సాక్ష్యంగా వాడుతుంటారు. నేను మాత్రం శాంతిపురం ఆవిడ ఉత్తరానికి నూట మూడేళ్లు ఆలస్యంగా వచ్చిన జవాబులా చూస్తాను. గాంధీ పేరు అందరికీ తెలుసు. ఫోటోలో ఉన్న ఆడవాళ్ల పేర్లు కింద రాసి ఉండగా నేను చూడలేదు.

పేర్ల గురించే ఇంకొక మాట చెప్పాలి. మాది పోచంపల్లి పక్క ఊరు. మా నాయనమ్మ ఆసు పోసేది. చిటికీ చీరకు పేక పోగును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పి పోయాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. రాత్రిపూట ఆమె భుజానికి నూనె రాయడం చిన్నప్పుడు నా పని. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే యువకుడు, ఆరో తరగతితో బడి మానేసినవాడు, తన తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్లతరబడి కిందామీదా పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి ఆ తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. హెలెన్, రీనాలు ఏనాడూ పోగు ముట్టి ఉండరు. లక్ష్మి అదే పని చేసిన మనిషి. ఇంతవరకు చదివిన ఇంజన్ల పేర్లలో నాకు అలాంటిది ఇంకొకటి కనపడలేదు. (యంత్రం కొనుక్కునే స్తోమత మా ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ భుజం పూర్తిగా పడిపోయింది, అది వేరే సంగతి.)

నేను వచ్చేసిన మరుసటి ఏడాది, 2016 సెప్టెంబరులో, ఖర్చు భరించలేమని అక్కడి కౌంటీ కౌన్సిల్ క్వీన్ స్ట్రీట్ మ్యూజియాన్ని మూసేసింది. జనం గోల చేశారు. 2018లో మళ్లీ తెరిచారు. ఆ వార్తలు చదువుతుంటే వరంగల్ ఆజంజాహీ మిల్లు గుర్తొచ్చేది. 1934లో మొదలై 2002లో మూతపడిన మిల్లు. తర్వాత భవనాలు చాలావరకు నేలమట్టమయ్యాయి. మా మేనమామ ఒకాయన అక్కడ షిఫ్టుల్లో పనిచేశాడు. అక్కడ పనిచేసిన మనుషుల జ్ఞాపకాలు తప్ప, వెళ్లి చేత్తో ముట్టుకుని చూసేందుకు ఒక్క మగ్గం కూడా మనం ఉంచుకోలేదు.

ఇండియా వచ్చాక ఊరెళ్లి, ఫోనులో తీసుకొచ్చిన వీడియో నాయనమ్మకు చూపించాను. అప్పటికి ఆమెకు ఎనభై దగ్గర. మెరిసే ఇత్తడి, ఊగే కడ్డీలు, పెద్ద చక్రం ఆమెకేమీ పట్టలేదు. షెడ్డు వచ్చినప్పుడు మాత్రం ఫోను దగ్గరికి లాక్కుంది. రెండుసార్లు పెట్టించుకుని చూసింది.

"గిన్ని మగ్గాలకు కండెలు ఎవలు చుడుతరే బిడ్డా?" అంది.

నేను అడగలేదు. ఇంజన్ గురించి ఆరు పేజీల నోట్సు ఉంది నా దగ్గర. అందులో ఆవిరి ఏ సిలిండర్లోంచి ఏ సిలిండర్లోకి పోతుందో ఉంది. తర్వాత పుస్తకాల్లో వెతికి చూస్తే, పేకనూలు చాలావరకు నూలుమిల్లుల నుంచే చుట్టి వచ్చేదనీ, పడుగునూలు చుట్టడానికి మిల్లులోనే వేరే గది ఉండేదనీ, ఆ గదిలో ఉన్నది దాదాపు అందరూ ఆడవాళ్లేననీ తెలిసింది. ఆ సంగతి చెప్పడానికి నాయనమ్మకు ఫోను చేశాను.

"మరి గదే గద," అని, వేరే కబుర్లలో పడింది.